కుడి సీసా, ఎడమ సీసా

"ఆదివారం పొద్దున చేరమన్నారు కదా, నేను చేరను," అంది అక్క.

అనేసి, ఆ మాట ఇంకెవరి గురించో అన్నట్టు, ఒళ్లో ఉన్న కర్టెను అంచుకు సూది గుచ్చింది.

భోజనాల బల్ల మీద ల్యాబ్ రిపోర్టు ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా అద్దాలాయన దాని మీద టీ కప్పు పెట్టాడు. రిపోర్టు ఇంటికి వచ్చి రెండు రోజులైంది. కాగితం మీద కప్పు మచ్చలు నాలుగు పడ్డాయి గాని, ఇంట్లో ఉన్న ముగ్గురూ ఒక మాట మీదికి రాలేదు.

అద్దాలాయనంటే చెల్లెలి మొగుడు. వీధి మొదట్లో కళ్ళజోళ్ళ షాపు ఆయనది. నంబరు సరిగ్గా చూసి అద్దం బిగిస్తే లోకంలో సగం గొడవలు తీరిపోతాయని నమ్మే మనిషి. అందుకే అరగంట నుంచి వదినగారికి రిపోర్టు చదివి, అర్థం చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాడు. పెద్దపేగులో పుట్టగొడుగుల్లా కాడలతో మొలిచిన పాలిప్‌లు రెండు ఉంటే, రెండూ కోసి తీశారు. కుడివైపుది ఉత్త కండ, దానితో పేచీ లేదు. ఎడమవైపు దాంట్లో కాన్సరు ఉంది. అది పైన తలకాయలోనే ఉండుంటే తీసెయ్యడంతోనే పీడ పోయేది, కానీ కాడ కోసిన అంచు దాకా దిగింది. అంటే లోపల ఇంకా మిగిలి ఉండొచ్చు. కాబట్టి ఆదివారం చేరితే గొట్టం వేసి ఆ చోట సిరా చుక్క పెడతారు. సోమవారం సర్జనుగారు ఆ చుక్క చూసుకుని ఎడమవైపు పేగు అడుగు ముక్క తీసేసి, అటూ ఇటూ కలిపి కుట్టేస్తారు.

"అంత సులువైతే మీరే కుట్టెయ్యండి మరిదిగారూ," అంది అక్క. "సూది నా దగ్గరుంది."

ఆయన నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు.

చెల్లెలు వంటింటి గుమ్మంలో డ్యూటీ బట్టల్లో నిలబడి ఉంది. పెద్దాసుపత్రిలో, గొట్టం వేసి పేగులు చూసే గదిలో ఆవిడ పదమూడేళ్లుగా నర్సు. బయట అందరికీ సిస్టరు. అక్క మాత్రం ఈ ఇంట్లో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఏ పేరూ పెట్టి పిలవలేదు. పిలవాల్సి వస్తే "ఇదిగో" అంటుంది. లేదా వచ్చి ఎదురుగా నిలబడుతుంది.

అయినా వచ్చింది, అదే పదివేలు అనుకుంది చెల్లెలు. తొమ్మిదేళ్లు ఒక ఉత్తరం లేదు, ఒక ఫోను లేదు. నెత్తురు పడుతోందని వాళ్ళ ఊరి డాక్టరు ఇక్కడికి పంపితే, అక్క ఫోను చేసింది చెల్లెలికి కాదు, అద్దాల షాపుకి. ఒక్క సంచీతో దిగి గుమ్మంలోనే షరతు పెట్టింది. తన ఒంట్లో ఏముందో ఉన్నదున్నట్టు తనకు చెప్పాలి, నాన్నప్పుడు చేసినట్టు చెయ్యకూడదు. చెల్లెలు సరేనంది. ఆ రోజు అక్క ఇల్లు రాసిమ్మన్నా సరేననేదే.

ఇప్పుడు అద్దాలాయన గొంతు పెంచాడు. మొండితనానికైనా ఒక హద్దుండాలన్నాడు. అక్కా గొంతు పెంచింది. ఆ వైపు తనకు ఒక్క రోజు కూడా నొప్పి లేదని, ఎవరో కాగితం మీద గీకారని కడుపు కోయించుకోవడానికి తనకేం పిచ్చి పట్టలేదని, పోయి తన మిషను ముందు కూర్చుంటే ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే ఉంటానని అంది. ముప్ఫై ఏళ్ళుగా బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి. ఎంత కోపంలో ఉన్నా కుట్టు వంకర పోదు.

ఉన్నట్టుండి సూది ఆపి చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. ఆ గదిలో నువ్వున్నావు. కళ్ళారా చూశావు. నువ్వు చేయించుకోమంటే చేయించుకుంటాను. ఇంకెవరు చెప్పినా వినను."

అద్దాలాయన హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. వదిన ఒక మెట్టు దిగింది, ఇక భార్య ఒక్క మాటంటే చాలు, ఈ పూటతో గొడవ తీరిపోతుంది.

ఆ నమ్మకం కోసమే చెల్లెలు తొమ్మిదేళ్లు ముఖం వాచిపోయి ఉంది. అది ఇవాళ, ఈ బల్ల దగ్గర, ఈ రిపోర్టు ఎదురుగా దొరికింది.

"డ్యూటీకి టైమైంది," అంది చెల్లెలు.

చెప్పులేసుకుని బయటికి నడిచింది. మెట్లు దిగుతుండగా అక్క మళ్ళీ కుట్టు మొదలుపెట్టి ఉంటుందని అనుకుంది.

* * *

గదిలో మొదటి పేషెంటు ఇంకా రాలేదు. చెల్లెలు గొట్టం కడిగే తొట్టిలో నీళ్ళు వదిలి, అల్మరాలోంచి జల్లెడ డబ్బా ఒకటి తీసి చేతిలో పట్టుకుంది.

వేలెడంత ప్లాస్టిక్ డబ్బా. దాని పని చాలా చిన్నది. డాక్టరమ్మ గొట్టం చివర కెమెరాతో పేగులో వెతుకుతూ పాలిప్ కనబడితే, తీగ ఉచ్చు దాని కాడకు వేసి బిగిస్తుంది. కరెంటు ఇవ్వగానే పాలిప్ తెగిపోతుంది. తెగిన ముక్కను గొట్టం లోపలికి పీల్చుకుంటుంది, అది వచ్చి ఈ జల్లెడలో ఆగుతుంది. నర్సు దాన్ని సీసాలో వేసి మూత బిగించి, పేగులో ఏ చోటిదో పైన రాయాలి. అప్పుడు కొత్త డబ్బా తగిలించాలి. అప్పుడే రెండో పాలిప్ జోలికి పోవాలి. ఒక పాలిప్, ఒక డబ్బా, ఒక సీసా. కొత్తగా చేరిన నర్సులకు ఈ పాఠం చెప్పేది ఆవిడే. చెప్పేటప్పుడు వేళ్ళు కూడా చూపిస్తుంది.

అక్కకు చేసిన రోజు ఆవిడ డబ్బా మార్చలేదు.

అసలు ఆ రోజు ఆ గదిలో ఉండాల్సిన మనిషే కాదు. సొంతవాళ్ళకు చేసేటప్పుడు పక్కకు తప్పుకోవడం అక్కడ పద్ధతి. "మా అక్క, నేనే ఉంటాను" అని చెల్లెలు పట్టుబట్టింది. డాక్టరమ్మ పదమూడేళ్ల మొహమాటం కొద్దీ సరేనంది. కుడివైపు పాలిప్ వచ్చి జల్లెడలో పడింది. ఎడమవైపుదీ వచ్చి అందులోనే పడింది. డబ్బా విప్పి చూస్తే రెండూ ఒకే రంగులో, ఒకే పరిమాణంలో, ఎండుద్రాక్షల్లా ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుకుంటూ ఫోటోలు చూస్తోంది. అప్పుడే అడగొచ్చు. జరిగింది చెప్పెయ్యొచ్చు. చెల్లెలు అవేవీ చెయ్యలేదు. కాస్త ఎర్రగా కనబడినదాన్ని ఎడమ సీసాలో వేసింది, రెండోదాన్ని కుడి సీసాలో వేసింది. ఆ గదిలో తీసేవాటిలో ఎక్కువ భాగం ఉత్త కండే కదా, రెండూ అదే అని వస్తాయి, ఏది ఎక్కడిదైతే ఏం పోయింది అనుకుంది.

ఒకటి అలా రాలేదు. ఇప్పుడు అక్క కడుపులో కోయాల్సింది ఎడమవైపో కుడివైపో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి తెలిసింది ఒక్క ఆవిడకే.

పది గంటలకు, ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికిన ఖాళీలో, కింది అంతస్తులో ల్యాబుకు వెళ్ళింది. అక్కడ ముక్కలావిడ ఉంటుంది. ఆసుపత్రిలో కోసిన ప్రతిదాన్నీ మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా తరిగి అద్దం మీద పరిచేది ఆవిడే గనక అందరూ అలాగే అంటారు. ఆవిడ కూడా ఫోనెత్తి ముక్కలావిడనే అంటుంది.

చెల్లెలు ఊరికే వచ్చినట్టు స్టూలు లాక్కుని కూర్చుంది. లెన్సు కింద పెట్టి చూస్తే, ఇది కుడివైపు పాలిప్, ఇది ఎడమవైపుది అని చెప్పగలరా అని అడిగింది.

"మొహం చూసి ఊరు చెప్పమంటే ఎలా సిస్టరూ," అంది ముక్కలావిడ పనిలోంచి తలెత్తకుండా. "పేగు పేగే. సీసా మీద మీరేం రాస్తే మాకదే వేదం."

కాసేపాగి తలెత్తింది. "ఎందుకడిగావు?"

"కొత్త పిల్లలకు పాఠం చెప్పాలి."

ముక్కలావిడ ఆవిడ వంక కొంచెం ఎక్కువసేపే చూసింది. ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు ఉన్నవాళ్ళు అడగకూడనివి అడగరు.

* * *

ఆ రోజు శనివారం, ఒంటిపూట డ్యూటీ. దిగి ఇంటికి వెళ్ళకుండా చెల్లెలు అద్దాల షాపుకు వెళ్ళింది. అద్దాలాయన కౌంటరు వెనక ఒక ఫ్రేముకు స్క్రూ బిగిస్తున్నాడు. చుట్టూ గోడలనిండా ఖాళీ కళ్ళజోళ్ళు. ఆవిడ నిలబడే ఉండి, మొదటి నుంచి చివరిదాకా మొగుడికి చెప్పేసింది.

ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఎందుకు మార్చలేదు డబ్బా అని ఒక్కసారి అడిగాడు. ఆవిడ జవాబివ్వలేదు.

"సరే. ఇప్పుడు దారుందా లేదా?"

ఉందంది ఆవిడ. పాలిప్ కోసిన చోట మచ్చ ఇంకా మానిపోయి ఉండదు, పదహారు రోజులే అయింది. మళ్ళీ గొట్టం వేసి రెండు మచ్చల దగ్గరా చిటికెడు చిటికెడు ముక్క తీసి చూస్తే, ఎక్కడ కణాలు మిగిలితే అదే చోటు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు నర్సు గొంతైంది, భర్తకు కాస్త ధైర్యం వచ్చింది.

"అయితే డాక్టరమ్మకు ఒక్కదానికే చెప్పు," అన్నాడాయన. "రేపు ఎలాగూ సిరా చుక్క పెట్టడానికి గొట్టం వేస్తారు. ఆ వేసేదేదో రెండు వైపులా చూసి ముక్కలు తీస్తారు. వదినకు చెప్పాల్సిన పనేముంది? చుక్క కోసమే అనుకుంటుంది. ఆవిడకు జరగాల్సిన మంచి జరుగుతుంది. నీకు అక్క మిగులుతుంది."

ఆవిడ కౌంటరు మీదున్న ఖాళీ ఫ్రేము ఒకటి తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"చెప్పావనుకో, సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. ఆ ఒంటితో వెళ్ళి ఆ మిషను ముందు కూర్చుంటుంది. అది నీకిష్టమేనా?"

మంచి మనిషి. తప్పు మాట ఒక్కటి లేదు ఆయన చెప్పినదాంట్లో. అందుకే ఆవిడకు భయం వేసింది. సరిగ్గా ఇలాగే, ఒక్క తప్పు మాట లేకుండా, తొమ్మిదేళ్ల క్రితం ఆవిడ తనకు తానే సర్దిచెప్పుకుంది.

అప్పుడు నాన్న ఇదే ఆసుపత్రిలో ఉన్నాడు. అక్క ఊరి నుంచి ఫోను చేసి ఎలా ఉందని అడిగింది. రెండు పూటలు గడవడం కష్టమని నర్సుగా చెల్లెలికి తెలుసు. రాత్రంతా బస్సులో ఏడుస్తూ వస్తుందని, ఆ దిగులు ఎందుకని, "పర్వాలేదక్కా, కంగారు లేదు, యూనిఫారాల పని అయ్యాకే రా" అంది. అక్క పని అయ్యాకే వచ్చింది. వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, కొత్త దుప్పటి పరిచి ఉంది. అక్క ఆ దుప్పటి వైపు చూసి, చెల్లెలి వైపు చూసి, "నీకు తెలుసు" అంది. తల్లి పోయిన దగ్గర్నుంచి ఎత్తుకుని పెంచిన మనిషి, పెళ్ళి చేసుకునే తీరిక కూడా లేకుండా ఈవిడకు చదువు చెప్పించిన మనిషి, ఆ రెండు మాటలనేసి తొమ్మిదేళ్లు నోరు మూసుకుంది.

ఆ తొమ్మిదేళ్లలో చెల్లెలు ఏ బట్టల కొట్టు ముందు నిలబడినా, తెగిన గుండీ కుట్టుకున్నా, బస్టాండులో ఎవరో అక్క చెల్లెల్ని గద్దిస్తుంటే విన్నా, అక్కే గుర్తొచ్చేది. తిట్టడానికైనా అక్క రావాలని ఉండేది. అక్కతో పోట్లాడి ఓడిపోవాలని కూడా ఉండేది.

"ఏమంటావు?" అన్నాడు అద్దాలాయన.

"షాపు మూసి సాయంత్రం ఆసుపత్రికి రండి," అంది ఆవిడ. అక్కకు చెప్పేదీ లేనిదీ తేల్చకుండానే బయటికి వచ్చేసింది.

* * *

అక్క వెనక గదిలో ఉంది. ఇంట్లో కిటికీలన్నిటికీ కొత్త కర్టెన్లు వచ్చేశాయి, ఇప్పుడు దిండు గలీబుల మీద పడింది. పక్కింటి నుంచి అరువు తెచ్చిన మిషను టకటకా కొట్టుకుంటోంది. చెల్లెలు లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. ఆ చప్పుడు వింటూ చదువుకుని పరీక్షలు రాసిన పిల్ల ఆవిడ. కళ్ళు మూసుకుంటే ఇప్పుడూ ఆ చిన్నప్పటి ఇంట్లోనే ఉన్నట్టుంది. ఇంకో పది నిమిషాలు ఇలాగే కూర్చుంటే ఏం పోయిందనిపించింది.

"పొద్దున అడిగినదానికి చెబుతాను," అంది.

అక్క చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపింది.

చెల్లెలు చెప్పింది. జల్లెడ డబ్బా గురించి, ఒకదాన్నొకటి అంటుకున్న రెండు ముక్కల గురించి, కాస్త ఎర్రగా ఉన్నదని వేసిన సీసా గురించి. రిపోర్టులో ఎడమ అని ఉన్నదానికి తన ఊహ తప్ప వేరే ఆధారం లేదని చెప్పింది. డాక్టరమ్మకు ఇంకా చెప్పలేదని, ముందు నీకే చెబుతున్నానని అంది. ఎక్కడా గొంతు తడబడలేదు. ఇలాంటివి చెప్పడం ఆవిడ వృత్తిలో భాగమే.

అక్క దిండు గలీబు సూది కిందనుంచి లాగింది. దారం తెంపింది. గలీబు నాలుగు మడతలు పెట్టింది.

"అంటే నేను పొద్దున సరేనని ఉంటే, సోమవారం బాగున్న పేగు కోసి, బాగాలేనిది లోపల ఉంచేసేవాళ్ళు."

"ఉంచేసే వీలుంది."

"రిపోర్టు వచ్చి రెండు రోజులైంది."

"అవును."

"రెండు రోజులు నాకు టీ కలిపిచ్చావు."

చెల్లెలు తల వంచుకుంది. దీనికంటే అక్క చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది. వీధిలో ఏదో బండి ఆగి, మళ్ళీ కదిలి వెళ్ళిపోయింది. అక్క మడిచిన గలీబు విప్పి మళ్ళీ మడిచింది.

"పదమూడేళ్లు చేసిన పని," అంది చివరికి. "నువ్వు పనిలో పొరబాటు చేసే మనిషివి కావు. నేను పెంచాను, నాకు తెలుసు. డబ్బా ఎందుకు మార్చలేదు?"

భర్తకు చెప్పని జవాబు అది. చెప్పకుండా ఉండే దారి ఇంక లేదు.

"నువ్వు నన్ను పిలిచావు."

అక్క చేతులు ఆగిపోయాయి.

"మత్తులో ఉన్నావు. మొదటిది తీయడం అయింది. నేను డబ్బా విప్పబోతున్నాను. కళ్ళు మూసుకునే ఉండి, 'బొంగరం, చెయ్యి ఇవ్వవే, రోడ్డు దాటాలి' అన్నావు. చెయ్యి ఇలా చాపావు. ఇచ్చాను. నువ్వు వదల్లేదు. డాక్టరమ్మ రెండోది పట్టుకుంది, నాకు వినబడుతూనే ఉంది, డబ్బా మార్చాలని తెలుస్తూనే ఉంది. ఉన్నవి రెండు చేతులు, ఒకటి నీ దగ్గరుంది." అక్కడ ఆగి తన అరచెయ్యి చూసుకుంది. "విడిపించుకోవచ్చు. విడిపించుకోలేదు. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటూ ఉండిపోయాను. మళ్ళీ ఎప్పుడు పిలుస్తావో తెలియదు కదా అక్కా."

చిన్నప్పుడు ఒక చోట నిలబడేది కాదని అక్క పెట్టిన పేరు బొంగరం. ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కతే.

అక్క లేచింది. చెల్లెలి పక్కన కూర్చుంటుందేమో అనిపించింది. కూర్చోలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, తాను కుట్టిన కర్టెను సరిగ్గా వేలాడుతుందో లేదో చూసింది.

"నేనలా పిలవలేదు," అంది అటు తిరిగే.

"పిలిచావు."

"నాకు గుర్తు లేదు." కర్టెను కుచ్చు సర్దింది. "డాక్టరమ్మ ఎన్నింటి దాకా ఉంటుంది?"

* * *

ఐదున్నరకు డాక్టరమ్మ గదిలో ముగ్గురూ కూర్చున్నారు. అద్దాలాయన బయట బెంచీ మీద ఉంటానన్నాడు గాని, అక్క ఆయన్ని కూడా లోపలికి రమ్మంది. చాటుమాటు వ్యవహారాలు ఇంక వద్దంది.

డాక్టరమ్మ మొత్తం విని, కంప్యూటరులో ఆ రోజు ఫోటోలు తెరిచి, రెండు పాలిప్‌లనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. రెండిటికీ కాడలున్నాయి, రెండూ ఒకే సైజు. తేడా పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆవిడ కోప్పడితే గట్టిగా అరిచే మనిషి కాదు, ఎదుటివాళ్ళకు 'మీరు' తగిలిస్తుంది. పదమూడేళ్లుగా నువ్వు అన్న నర్సును ఆవేళ మీరు అంది. "మీరు సోమవారం నుంచి ఆ గదిలోకి రావద్దు సిస్టర్. పై వాళ్ళకు నేను రాసి పంపాలి. నేను మిమ్మల్ని ఉండనిచ్చిన సంగతి కూడా రాస్తాను." చెల్లెలు తలూపింది.

తరువాత సంగతులు అక్కకే నేరుగా చెప్పింది. సర్జనుగారికి ఇప్పుడే ఫోను చేసి సోమవారం ఆపరేషను ఆపిస్తుంది. రేపు ఉదయం మళ్ళీ గొట్టం వేస్తుంది. రెండు మచ్చలూ వెతికి, రెండు చోట్లా ముక్కలు తీసి, రెండు చోట్లా సిరా చుక్కలు పెడుతుంది.

"తీసిన ముక్కల్లో ఏమీ లేకపోతే?" అని అడిగింది అక్క.

డాక్టరమ్మ కంప్యూటరు వదిలి అక్క వైపు తిరిగింది. అలా జరిగే వీలుందంది. కణాలు చిటికెడు ముక్కకు అందకుండా లోతున ఉండొచ్చు, అసలు మిగలకనే పోయి ఉండొచ్చు. అప్పుడు రెండు వైపులా కోయాలా, ఏ వైపూ కోయకుండా కనిపెట్టుకుని ఉండాలా అన్నది సర్జనుతో కూర్చుని మాట్లాడాలి. దేనికీ పూచీ ఇవ్వలేనంది.

"మీరు ఉన్నమాట చెప్పారు," అంది అక్క. "అది చాలు."

అద్దాలాయన ఊపిరి పీల్చుకున్నాడు. వదిన లేచి వెళ్ళిపోలేదు, అది చాలు ఆయనకు. డాక్టరమ్మ ఫారం తీసి, రేపు వేరే నర్సును పిలిపిస్తానంటూ రాయబోయింది.

"వేరేవాళ్ళు వద్దు," అంది అక్క. "ఇదే ఉండాలి. ఇది లేకపోతే నేను రాను."

డాక్టరమ్మ పెన్ను ఆపింది. జరిగిందంతా విన్నాక కూడా ఇలా అడుగుతున్నారంటే తనకు అర్థం కావడం లేదంది. అక్క ఎదురుగా గోడ మీదున్న పేగు బొమ్మ వంక చూస్తూ మాట్లాడింది.

"చేతకాని మనిషైతే వద్దనేదాన్నే. దానికి పని వచ్చు. ఆ రోజు తప్పులో సగం నాది. రేపు నాకు మత్తు ఇవ్వకండి. మెలకువలో ఉంటే నేను ఎవర్నీ పిలవను."

అద్దాలాయన జేబులోంచి గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మత్తు లేకుండా కూడా చేస్తామంది డాక్టరమ్మ కాసేపటికి. కొందరు ఓర్చుకుంటారు, కొందరు మధ్యలో ఆపమంటారు. కుడివైపు చివరిదాకా పోవాలి, పేగు మలుపుల దగ్గర నొప్పి బాగానే ఉంటుంది. ఈవిడ ఓర్చుకునే మనిషో కాదో తనకంటే చెల్లెలికే ఎక్కువ తెలుసంది. రేపటి నర్సు సంగతి తరువాత తేల్చుకుందామని, ముందు ఈ గడి నింపాలని ఫారం ఇటు తిప్పింది. మత్తు ఇవ్వాలి, అక్కర్లేదు అని పక్కపక్కన రెండు గడులున్నాయి.

"మీరేమంటారు సిస్టర్?"

అక్క ఓర్చుకుంటుంది. చేతిలో సూది విరిగి దిగినా కుట్టు ఆపని మనిషి, ఆ సంగతి చెల్లెలికి తెలుసు. అక్కర్లేదని చెప్పాలి. పొద్దుటి నుంచి అన్నీ నిజాలే చెబుతూ వచ్చిన నోరు, ఇదొక్కటి చెప్పడానికి రావడం లేదు.

ఇవ్వండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అది అక్క నొప్పి చూడలేకనో, ఆ పిలుపు మరొక్కసారి వినాలనో, ఎంత వెతుక్కున్నా ఆవిడకు తెలియలేదు.